డాష్‌బోర్డు మీద మాత్రల షీటు

కొల్లేటి చేపల లారీ బయల్దేరేటప్పుడు ప్యాకింగ్ షెడ్డుల్లో ఒక పద్ధతి ఉంది. ట్రేలలో చేప, చేప మీద ఐసు, పైన టార్పాలిన్. తాళ్లు బిగించాక గుమస్తా క్యాబిన్ ఎక్కి సరుకు కాగితాలు, అరటిపళ్లు, ఒక మాత్రల షీటు డాష్‌బోర్డు మీద పెట్టి దిగిపోతాడు. నిద్ర రాకుండా వేసుకునే మాత్రలు. ఐసు కరిగేలోపు సరుకు హౌరా చేరాలి. వద్దన్న డ్రైవరుకి మరో ట్రిప్పు ఉండదు.

మా బావమరిది ఏళ్ల తరబడి అవి వేసుకునే తోలాడు. ఓసారి ఖాళీ లారీతో తిరిగొస్తూ, ఉంగుటూరు దగ్గర పట్టపగలు, ముందు వెళ్తున్న ధాన్యం ట్రాక్టరుని గుద్దేశాడు. ట్రాక్టరు మీది రైతుకి చెయ్యి విరిగింది. ఇతనికి ఎడమకాలు నుజ్జయింది. ఏలూరు ఆస్పత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలే.

"అంత ట్రాక్టరు కనబళ్లేదేంటయ్యా నీకు?" అన్నాడు రైతు.

"కనబడిందండీ. రెండు కనబడ్డాయండీ. మధ్యలోంచి పోదామనుకున్నాను."

రైతు కట్టు కట్టిన తన చెయ్యి చూసుకున్నాడు. "నేనొక్కణ్నేనయ్యా బాబూ," అన్నాడు.

సాయంత్రం గుమస్తా వచ్చాడు. నేను విలేకరినని అతనికి తెలుసు. "ఏవండీ, పేపర్లో నిద్రమత్తని రాసేయండి. ఎప్పుడూ రాసేదేగా! కాలు బాగయ్యాక బండి మీవాడిదేనండీ. ఓనరుగారు మాటిచ్చారు."

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి బావమరిది అందుకున్నాడు.

"నిద్రపోనిచ్చార్రా మీరు? బావగారూ, మాత్రలనే రాయండి. షెడ్డులో ఇచ్చారనీ, నేను మింగాననీ రాయండి."

"కేసు నీ మెడకే చుట్టుకుంటుంది. కొల్లేరు చుట్టూ ఒక్కడు బండివ్వడు," అన్నాడు గుమస్తా.

"కేసూ నాదే, కాలూ నాదే. వెళ్లు."

"నా చెయ్యి సంగతి కూడా వెయ్యండి," అన్నాడు రైతు.

రాశాను. డెస్కులో అడ్డం తిరిగారు. డ్రైవరే ఒప్పుకుంటుంటే మనకెందుకు భయమని పట్టుబట్టి కూర్చున్నాను. అచ్చయింది. చేపల వ్యాపారులు మా పేపరుకి ప్రకటనలు ఆపేశారు. ఆపుకోనీ. షెడ్డుల్లో మాత్రలు ఆగాయని నేను చెప్పను. కానీ ఎక్కడ లారీ గుద్దినా, ఆ డ్రైవరు చివరిసారి ఎప్పుడు పడుకున్నాడని అడగకుండా ఇవాళ్టికీ వార్త పంపను.

గుమస్తా అన్నట్టే అయింది. కేసు ఇంకా నడుస్తోంది. ఏ షెడ్డూ బండివ్వలేదు. బావమరిది ఇప్పుడు ఆ కుంటికాలితోనే వట్లూరులో కాలేజీ పిల్లల ఆటో తోలుతున్నాడు. మొన్న టీ కొట్టు దగ్గర పాత లారీ స్నేహితుడు ఎదురయ్యాడు.

"హౌరా బండి తోలినోడివి, ఈ డొక్కు ఆటో ఏంట్రా? నీ నోటితో నువ్వే పొట్ట కొట్టుకున్నావు."

బావమరిది టీ ఊదుకుంటూ అతని ఎర్రటి కళ్లలోకి చూశాడు.

"నిద్రొస్తే పక్కకాపి పడుకుంటున్నాన్రా. నువ్వో?"