గ్లాడిస్‌ని తొక్కకండి!

ఎవరైనా గడ్డి తొక్కితే మెర్ల్ టోలెఫ్‌సన్‌కి ప్రాణం పోయినంత పని. ఉద్యోగం చూస్తే, అమెరికాలోని అయోవాలో ఓ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి పెంచడం! శనివారం వస్తే చాలు, హెల్మెట్లు పెట్టుకున్న ఏనుగుల్లాంటి కుర్రాళ్ళు దానిమీద పడి దొర్లుతారు. జనమంతా ఈలలేస్తుంటే ఆయనొక్కడూ తల పట్టుకుని, "ఈ ఆటగాళ్ళే లేకపోతే ఆట ఎంత బావుండును!" అని వాపోయేవాడు.

క్రీడాశాఖ ఆఫీసులో కొత్తగా చేరిన కోలీన్‌కి మొదటిరోజే మైదానంలో మెర్ల్ చేత చివాట్లు పడ్డాయి.

"అమ్మాయ్, జరుగు! గ్లాడిస్ మీద నిలబడ్డావు!"

కోలీన్ గతుక్కుమని కిందికి చూసింది. గడ్డి తప్ప ఏమీ లేదు.

"గ్లాడిస్ ఎవరండీ?"

"ఎవరైతే నీకెందుకు? అటు కాదు, అటు నార్బర్ట్ ఉన్నాడు!"

ఎటు జరగాలో తెలియక ఆ పిల్ల కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయింది. ఆఫీసులో చెబితే అందరూ పడీపడీ నవ్వారు. "గడ్డికి పేర్లు పెట్టుకున్నాడమ్మా! మొన్న మన కాలేజీ ప్రెసిడెంటుగారి చేత గ్లాడిస్‌కి క్షమాపణ చెప్పించాడు."

అక్టోబరులో ఓపల్ అనే పెద్దావిడ కాఫీడబ్బా ఒళ్ళో పెట్టుకుని కోలీన్ ఎదుట కూర్చుంది. డబ్బాలో ఉన్నది ఆవిడ భర్త డార్విన్ చితాభస్మం.

"జీవితమంతా ఆ స్కోరుబోర్డు వెనకాల ఎక్కి అంకెలు మార్చాడమ్మా. పోయేముందు ఒక్కటే అడిగాడు, తనని మైదానంలో కలిపేయమని. ఒక్క పిడికెడు చల్లనివ్వు తల్లీ."

అది కాలేజీ నియమాలకు విరుద్ధం. కాదనడానికి కోలీన్‌కి నోరు రాలేదు. అందుకని, తనకన్నా బాగా కాదనగల మనిషి దగ్గరికి ఆవిణ్ణి తీసుకెళ్ళింది.

మెర్ల్ ఇంతెత్తున లేచాడు. "బూడిదా? నా గడ్డి మీదా? అదంతా ఉప్పు! పడ్డచోటల్లా గడ్డి మాడి చస్తుంది!" అంటూనే డబ్బా లాక్కుని షెడ్డులోకి పోయి తలుపేసుకున్నాడు.

ఓపల్ బావురుమంది. కోలీన్‌కి ఒళ్ళు మండింది. ఇష్టం లేకపోతే కాదనాలి గాని, ఆవిడ మొగుణ్ణి లాక్కుపోవడమేమిటి? ఆవిణ్ణి వెంటబెట్టుకుని విసురుగా వెళ్ళి తలుపు తోసింది.

లోపల మెర్ల్ ఎరువుమట్టిలో ఆ బూడిద కలుపుతున్నాడు, చంటిబిడ్డకి పప్పన్నం కలిపినంత మెత్తగా.

"ఊరికే చల్లితే గడ్డీ పోతుంది, మనిషీ గాలికి పోతాడు. ఇలా కలిపి లోతుగా వేస్తే ఇద్దరూ నిలుస్తారు" అని గొణిగాడు. "ఎక్కడ వెయ్యమంటావు, ఓపల్? నడిమైదానం కిక్కిరిసి ఉంది."

కోలీన్ నోరు తెరిచేసింది. "అయితే... గ్లాడిస్?"

"జుట్టు నెరిసేదాకా ఇక్కడే పాప్‌కార్న్ అమ్మింది. నార్బర్ట్ బ్యాండులో డప్పు మోశాడు. ఆడినవాళ్ళకి గోడలనిండా ఫొటోలున్నాయి. వీళ్ళకేముంది, గడ్డి తప్ప?" మెర్ల్ చేతులు దులుపుకుని ఉరిమి చూశాడు. "ఇంతకీ నువ్విక్కడ ఏం చూశావు?"

"గ... గడ్డి చూశానండీ."

"బుద్ధిమంతురాలివి."

ఆ శనివారం ఆట మొదలైందో లేదో, కొండలాంటి కుర్రాడొకడు బంతితో సహా వచ్చి గోలు గీత దగ్గర దబ్బున పడ్డాడు.

కోలీన్ కెవ్వుమని లేచింది. "అయ్యో, లెమ్మనండి! డార్విన్ మీద పడ్డాడు!"

చుట్టుపక్కలవాళ్ళు ఆమెను ఎగాదిగా చూశారు. పక్కసీట్లో ఉన్న ఓపల్ మాత్రం కొంగలా మెడ చాచి చూసి, తీరిగ్గా పాప్‌కార్న్ నోట్లో వేసుకుంది.

"ఉండనీ తల్లీ. ఆయనకి ఇంత దగ్గర సీటు ఎప్పుడు దొరికింది గనక!"