కాటా గదిలో శ్రీకారం

మొన్న మా మేనకోడలు లాప్‌టాప్ ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. తను రాసిన జావా ప్రోగ్రాము ఫైలు దొరకలేదంటోందట, ఫైలేమో ఎదురుగానే ఉందట. ఎర్రక్షరాల లైను చివరిదాకా చదవవే అంటే, ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన ఈ అత్తకేం తెలుసన్నట్టు చూసింది. మన ఈడువాళ్లు నమ్ముతారు గనక చెబుతున్నాను, ఆ లైనుకూ నాకూ పాత కక్ష ఉంది.

అప్పట్లో దాచేపల్లి రోడ్డు మీద మా బాబాయికి లారీలు తూచే కాటా ఉండేది. మిరపకాయల తొడిమలు తీసి తీసి, చేతులు మండి, అన్నం కూడా చెంచాతో తినే నన్ను తీసుకొచ్చి కాటా గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. లారీ కాటా ఎక్కగానే దాని నంబరు కొడితే, గుంటూరు ఇంజనీరు జావాలో రాసిచ్చిన ప్రోగ్రాము దాని బరువును ఒక ఫైల్లో రాసుకుని చీటీ అచ్చేసేది. ఫ్యాను కింద కుర్చీ. నా మటుకు అది కలెక్టరు ఉద్యోగం.

దసరా మర్నాడు కాటా మీద సున్నపురాయి లారీ, దాని వెనక రోడ్డు పొడుగునా లారీలు, తెర మీదేమో ‘ఫైల్ నాట్ ఫౌండ్’. ఫోనులో ఇంజనీరు ఆ మొదటి ముక్క వినగానే ఫైలు నేనే చెరిపానన్నాడు, చదువులేని వాళ్లను కూర్చోబెడితే ఇంతేనన్నాడు, మధ్యాహ్నం బస్సుకు వచ్చి అంతా మళ్లీ ఎక్కిస్తానన్నాడు.

“రేపట్నుంచి తొడిమలకు పోవే అమ్మాయ్, ఇది నీ వల్ల కాదు” అన్నాడు బాబాయి.

“పోతాలే బాబాయ్, ఆ బస్సు వచ్చిందాకన్నా కూర్చోనీ.”

ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే గాని రాదు గనక, లైను కింద వేలు పెట్టి చివరిదాకా చదివాను. ఏ డ్రైవు, ఏ ఫోల్డరు, ఏ ఫైలు, చిరునామా మొత్తం ఉంది. ఆ దారే లేదని చివర బ్రాకెట్లో ఉంది. డ్రైవు తెరిచి చూస్తే ‘కాటా’ ఫోల్డరు లేదు, ‘శ్రీ కాటా’ ఉంది! కొత్త పుస్తకం మొదట శ్రీ రాసే అలవాటున్న మా బాబాయి, పండగ పూట కంప్యూటరుకు పసుపూ కుంకుమా పెట్టి ఊరుకోకుండా, లోపల కూడా శ్రీకారం చుట్టాడన్నమాట.

“ఒసేయ్, దేవుడి పేరు చెరుపుతావటే?” అన్నాడు, నేను శ్రీ తీసెయ్యబోతే.

“ప్రోగ్రాముకు దేవుడు తెలవదు బాబాయ్, అడ్రసే తెలుసు. నీ శ్రీ గోడ మీద రాసుకో, ఎంత లావుగానన్నా రాసుకో.”

పేరు సరిచేసి నడిపితే మళ్లీ అదే మొదటి ముక్క. బాబాయి పకపకా నవ్వాడు. నేను మళ్లీ వేలు పెట్టాను. ఈసారి చివర మాత్రం మారింది, ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’. డినైడంటే ఏందని అడిగితే, ‘లోపలికి రానివ్వం’ అని అర్థమన్నాడు. అంటే దారి దొరికింది, గడప దగ్గర ఆపుతున్నారు. గడప దగ్గర ఆపటమంటే ఏమిటో నాకొకరు నేర్పాలా! ఫైలు తెరిస్తే తెరుచుకుంటోంది, ఒక్క అక్షరం చేర్చి సేవ్ చెయ్యబోతే ఒప్పుకోవటం లేదు.

“ఈ కాపలా ఎవరు పెట్టారు బాబాయ్?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “నువ్వు చెరుపుతావేమోనని నేనే...” అంటూ చదవటానికి తప్ప రాయటానికి వీల్లేకుండా తాను టిక్కు పెట్టిన గడి చూపించాడు. తీసేశాను. చీటీ గరగరమంటూ బయటికొచ్చింది, లారీ కదిలింది.

ఇంజనీరు బస్సు దిగి వచ్చేసరికి ఆఖరి లారీ కాటా దిగుతోంది. నేను కుర్చీలోంచి లేవలేదు. “మొదటి ముక్క విని మనిషినే తీసేయించబోతివే నాయనా, మిగతాది ఎవరు చదవాల?” అన్నాను. తొడిమల మాట బాబాయి మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటి ప్రోగ్రాములు ఏ ఊళ్లో ఉండి నడుస్తాయో తెలియదు. ఆగిపోతే, ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి రమ్మని తియ్యగా చెబుతాయి. ఏ ఫైలో, ఎందుకు కాదో ఒక్క ముక్క ఉండదు, పోట్లాడదామంటే చేతికి కొస దొరకదు. కాదన్నా సరే, ఎందుకు కాదో ముఖాన చెప్పిన ఆ పాత తెరంటే నాకు గౌరవమే. కారణం చెప్పకుండా ఆగమంటే మాత్రం, నేను అప్పుడూ ఆగలేదు, ఇప్పుడూ ఆగను.