ఐసు పెట్టె పక్కన కంప్యూటర్

మా మంజుష అక్కయ్య భర్త శ్రీనివాసరాజు గారు భీమవరం దగ్గర చేపల చెరువులు చేసేవారు. ఏ వస్తువు చేతికొచ్చినా, తయారుచేసినవాడు చెప్పినదానికి మించి పని చేయించకపోతే ఆయనకి తోచదు. చెరువులో అందరికంటే ఎక్కువ చేపపిల్ల వేసేవారు. నీళ్లలో గాలి చాలక చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పేవారు. చాలాసార్లు నెగ్గారు కూడా. అదే మా ఖర్మ.

2000లో ఆయన ఇంటికి కంప్యూటర్ కొని తెచ్చేసరికి వాళ్లమ్మగారు సూర్యకాంతమ్మ గొంతులో కణితి ఉందని తేలింది. ముందు కొన్ని వారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి, ఆ తర్వాత స్వరపేటిక తీసేస్తామని కాకినాడ డాక్టరు గారు చెప్పారు. ఇక మాట ఉండదు. మా వైపు పెళ్లిళ్లలో అప్పగింతల పాట ఈ సూర్యకాంతమ్మ అత్తయ్యదే. పాటలో మాటలు చాలామందికి వచ్చు. చరణానికో వరస; ఆ వరసలు మాత్రం వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవి, ఆవిడకొక్కరికే వచ్చు. ఆవిడ అందుకుంటే పెళ్లికూతురి సంగతి అటుంచి, వంటవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి కళ్లు తుడుచుకునేవారు.

గొంతు పాడవకముందే బావగారు మైకు పెట్టి ఆవిడకి వచ్చిన పాటలన్నీ కంప్యూటర్‌లోకి పాడించారు. అంతవరకూ ఆయన్ని మెచ్చుకోవాలి. పాటలు పెద్ద పెద్ద ఫైళ్లై హార్డ్ డిస్కు నిండిపోయింది. వాటిని చిన్న ఫైళ్లుగా మార్చబోతే, ఒక్కో పాటకీ చెరువుగట్టు చుట్టి రావచ్చు, అంత ఆలస్యం. ఆ నిదానం ఆయనకి పడలేదు. ఏదో పత్రికలో చదివి, లోపల వేగాన్ని నిర్ణయించే జంపర్లనే చిన్న ముక్కల్ని మార్చి ప్రాసెసర్ వేగం పెంచేశారు. కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది. అప్పుడు చేపలు పంపే థర్మాకోల్ పెట్టెలో ఐసు నింపి, దాని మీదుగా కంప్యూటర్‌లోకి గాలి కొట్టేలా టేబుల్ ఫ్యాను పెట్టారు.

"చెయ్యి పెట్టి చూడండి బావమరిది గారూ, ఎంత చల్లగా ఉందో. ఇంక దీనికి తిరుగులేదండి," అన్నారు నాతో.

నిజంగానే ఆగకుండా నడిచింది. పాటలన్నీ చకచకా చిన్నవైపోయాయి. పెద్ద ఫైళ్లు ఇంకెందుకని ఆయన తుడిచేశారు.

తర్వాత ఓ పొద్దున కంప్యూటర్ తెరుచుకోలేదు. జంపర్లు పాత స్థానంలో పెట్టాక తెరుచుకుంది గానీ, ఏ పాట పెట్టినా అత్తయ్య గొంతు ఒక్క క్షణం వినిపించి, గుడ్డ చింపినట్టు బరబరమనడమే. మెకానిక్ వీరాస్వామి వచ్చి చూశాడు.

"ప్రాసెసర్ వేగం పెంచితే డిస్కుకెళ్లే దారిలో కూడా వేగం పెరుగుతుందండి. డిస్కు అందుకోలేక తప్పుగా రాసేసుకుంది. ఐసు పెట్టినా దానికి లాభం లేదండి."

"ఇప్పుడు తగ్గించాం కదా?"

"ఇకమీద రాసేది బాగుంటుందండి. రాసేసింది అంతేనండి."

బావగారు కంప్యూటర్ ముందు కుర్చీలో కూలబడ్డారు. నాలుగు దులిపేద్దామనే వెళ్లాను. ఆ మొహం చూశాక ఐసు పెట్టె ఎత్తుకెళ్లి పెరట్లో పారబోసి వచ్చాను.

అప్పటికి కరెంటు పెట్టడంతో అత్తయ్య గొంతు బొంగురుపోయింది. బావగారు టేపురికార్డరు తెస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఈ గొంతు దాయొద్దు నాన్నా. నువ్వు నేర్చుకో."

"ఆడవాళ్ల పాట నేనెలా పాడతానమ్మా? మంజుషకి చెప్పండి."

"దానికి చాలా పనుంది. పాడుచేసిందెవరు? కూర్చో."

కూర్చున్నారు. ఆవిడ పాడలేక, సన్నగా కూనిరాగం తీస్తుంటే ఈయన అందుకునేవారు. పక్క గదిలో మా అక్కయ్య నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది, తర్వాత ఏడ్చేది. తొందరపడితే అత్తయ్య మళ్లీ మొదటినుంచి పాడించేది. అలా రెండు చరణాలు వచ్చాయి. మూడోది రాకుండానే ఆపరేషను రోజు వచ్చేసింది.

ఆపరేషను అయ్యాక, అత్తయ్య కాస్త తేరుకున్న రోజు ఆయన మంచం పక్కన కూర్చుని పాడారు. రెండు చరణాలకీ ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. మూడోదాని వరస ఆయన ఊహించి పాడితే కాదని తల ఊపింది. మార్చి పాడితే మళ్లీ అడ్డంగా ఊపింది. ఎన్ని విధాల పాడారో లెక్క లేదు. విసుక్కోకుండా ఆయన అంతసేపు ఒకే పని చేయడం నేను చూడటం అదే మొదటిసారి. చివరికి ఆవిడ కొడుకు మొహంలోకి కాసేపు చూసి, అవునన్నట్టు తల ఊపింది.

వరండాలోకి వచ్చాక బావగారు నన్నడిగారు. "నిజంగానే కుదిరిందంటారా? లేక నా అవస్థ చూడలేక ఊపిందంటారా?"

నాకేం తెలుస్తుందండీ అన్నాను.

ఇప్పుడు మా పెళ్లిళ్లలో అప్పగింతల పాట అందరం ఆ వరసలోనే పాడుతున్నాం. మొదటి రెండు చరణాలకీ బావగారి గొంతే ముందుంటుంది. మూడోది రాగానే ఆయన ఆగిపోయి మమ్మల్ని పాడనిస్తారు.