నూకరత్నం తాళంచెవి

ల్యాబ్ టెక్నీషియన్ నూకరత్నం మంగళసూత్రానికి పిన్నీసులతో పాటు ఒక పెట్టె తాళంచెవి కూడా వేలాడుతుంటుంది. ఎవరడిగినా ఇవ్వదు. ఆ పెట్టెలో నువ్వుగింజంత గాజు వలయం ఉంది. దానిలోకి లేజర్ వెలుగు పంపి, రంగును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ పోతే, ఆ ఒక్క వెలుగే దువ్వెన పళ్లలా వందల గీతలవుతుంది. పోర్ట్ బ్లెయిర్ ఉప్పుగాలిలో ఆ పళ్లు నిలబెట్టడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది. నిరుడు ఆయుధపూజ మర్నాడు వచ్చి చూస్తే తెర మీద ఒక్క గీతే మిగిలింది. అప్పటికింకా తాళం లేని ఆ పెట్టె తెరిచి ఉంది, వలయం నిండా కుంకుమ.

“మూత మీద పెడితే మెషీన్‌కి బొట్టు అందదు కదా దీదీ, అందుకే తీసినాను,” అన్నాడు అటెండర్ బాబ్జీ, తుడవడానికి గుడ్డ అందుకుంటూ.

ఆమె ఆ గుడ్డ లాక్కుని మూలకు విసిరికొట్టింది.

“అమ్మోరికి బొట్టు కంట్లో పెడతావేటి భయ్యా?”