సముద్రానికి వీపు పెట్టిన మనిషి

స్కూలు వ్యాను డ్రైవరు సెలవులకని భార్యనూ, ఇద్దరు పసిపిల్లలనూ సముద్రానికి తీసుకొచ్చి నాలుగు రోజులైంది. రోజూ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పిల్లలకన్నా రెండడుగులు లోపలికి దిగి, అలలకు వీపు పెట్టి అడ్డుగోడలా నిలబడతాడు. వ్యాను తలుపు వేసేముందు బడిపిల్లల్ని లెక్కపెట్టినట్టే పెదవులు "ఒకటి, రెండు" అని కదులుతుంటాయి. ఎండకు మెడ వెనక చర్మం కమిలి పొరలు లేస్తోంది. ఆఖరి సాయంత్రం భార్య పిల్లలిద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని, "వీళ్ళెక్కడికీ పోరు గానీ, ఇంత దూరమొచ్చి సముద్రం మొహమైనా చూడకుండా పోతారా? అటు తిరగండి" అంది. బుద్ధిగా తిరిగాడు. ఒక అల వచ్చింది. "ఒకటి" అన్నాడు. ఇంకోటి వచ్చింది. "రెండు" అన్నాడు. లెక్క సరిపోయింది. నిశ్చింతగా మళ్ళీ ఒడ్డువైపు తిరిగాడు.