డేగ ఫొటోలో అన్న నీడ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. నిజామాబాద్‌లో ఒక ఫొటో స్టూడియోలో పదకొండేళ్లుగా ఆల్బమ్‌లు తయారుచేస్తున్నాను. చనిపోయిన తాతను మనవరాలి పెళ్లి ఫొటోలో నిలబెట్టడం, రానివాళ్లను వచ్చినట్టు చూపించడం నాకు రోజూ ఉండే పనే. ఫొటోలో ఏం కనిపించినా, ఏం కనిపించకపోయినా అది మనిషి చేతి పనేనని నా నమ్మకం. ఇది ఇన్నాళ్లూ ఒకరిద్దరికి తప్ప బయట చెప్పకపోవడానికి కారణం కూడా అదే.

మాది బోధన్ దాటాక రెంజల్ వైపు ఊరు. మా అన్న గంగాధర్ దుబాయ్‌లో భవనాల పని చేసేవాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు. వచ్చిన నలభై రోజులూ మా రెండెకరాల చెరుకు తోటలోనే ఉండేవాడు. ఇంటికి చుట్టాలొస్తే వదిన పొలానికి మనిషిని పంపి పిలిపించాల్సి వచ్చేది.

ఆఖరిసారి వచ్చినప్పుడు, తిరిగి వెళ్లే రోజు పొద్దున్నే పొలం ఒకసారి చూసొస్తానని పోయాడు. అప్పటికి చెరుకు నరికి తోలేశారు. మోళ్ల మధ్య నేల మీద ఒక డేగ, తొండను కాళ్ల కింద తొక్కిపట్టి కూర్చుందట. అన్న దగ్గరికి వెళ్లినా తిండి వదిలి ఎగరలేదట. ఫోన్‌తో ఒకే ఒక్క ఫొటో తీశాడు. రెండోది తీసేలోపు అది లేచిపోయింది.

వెళ్లిన నెలకు ఆ ఫొటో నాకు పంపాడు. వెంట ఒక వాయిస్ మెసేజ్. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

"చెల్లె, డేగ మంచిగనే వడ్డది గని నా నీడ అడ్డమొచ్చింది. తలకాయ దాని తోక దాక పోయింది సూడు. గా నీడ తీసెయ్. రెక్కలు జర తేటగ చెయ్యి. పెద్దగ కొట్టిచ్చి రూంల పెట్టుకుంట."

ఫొటో నిజంగానే బాగుంది. బూడిదరంగు వీపు, ఎర్రటి కన్ను, మన దిక్కే చూస్తున్న చూపు. పొద్దుటి ఎండ అన్న వెనక నుంచి పడుతోంది. అందుకే ఆయన నీడ, ఫోన్ పట్టుకున్న రెండు మోచేతులతో సహా, కింది అంచు నుంచి డేగ తోక దాకా పొడుగ్గా పడింది. నా పక్క కుర్చీలో పనిచేసే షాహీన్ కూడా చూసింది. "మీ అన్న నీడ మీదికొచ్చినా కదల్లే సూడు అక్కా, దీనికెంత ధైర్యం!" అని నవ్వింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక పని మొదలుపెట్టాను. పక్షి మీద వెలుగు కొంచెం పెంచాను. రొమ్ము మీది చారలు తేటపరిచాను. కంటి మీది మసక తీశాను. నీడ దగ్గరే కష్టమైంది. వెలుగు పెంచితే నేలంతా మచ్చలు పడింది. చివరికి పక్కనున్న నేలను తెచ్చి నీడ మీద పరిచాను. అందులో ఒక పొరపాటు జరిగింది. ఒకే చీలిన చెరుకు మోడు రెండు చోట్ల పడింది. పరాయివాళ్లు పట్టుకోలేరు గానీ నాకు తెలుసు. దిద్దుదామనుకుంటూనే సాయంత్రం అలాగే పంపేశాను.

"మస్తుంది చెల్లె. ఇగ నేను అడ్డం లేను," అని జవాబిచ్చాడు.

తొమ్మిది రోజులకు అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే అన్న గుండె ఆగిందన్నారు. పెట్టె మా వాకిట్లోకి రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులూ మా వదిన సుజాత ఏడ్వలేదు. ఎవరు పలకరించినా, "రానీయండ్రి, సూశినంక ఏడుస్త," అనేది. పెట్టె తెరిచాక ముఖం ఎక్కువసేపు చూపించలేదు.

దహనమైన పదకొండో రోజుకు దండ వేయడానికి ఫొటో కావాలి. ఉన్నవన్నీ అక్కడి రూంలోవి, లేదా నెత్తిన హెల్మెట్‌తో పని దగ్గర తీసుకున్నవి. వదిన ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది.

"మన పొలంల దిగింది ఒక్కటన్న లేదా? ఆయన పానమంత గాడనే ఉండె."

అప్పుడు డేగ ఫొటో గుర్తొచ్చి నీడ సంగతి చెప్పాను. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీడైతే నీడే. గదన్న నాకియ్యి లతా."

మర్నాడు స్టూడియోకు వెళ్లి అన్న పంపిన అసలు ఫొటో తెరిచాను. అందులో నీడ లేదు.

నేను దిద్దింది తెరిచానేమో అనుకున్నాను. కాదు. పక్షి ఇంకా మసగ్గానే ఉంది. మోడు ఒక్కటే ఉంది. నీడ ఉండాల్సిన చోట నేనెన్నడూ చూడని నేల ఉంది. ఎండిన ఆకులు, ఒక మట్టిపెళ్ల, వాటి మీద పొద్దుటి ఎండ. నేను దిద్దిన ఫొటో పక్కన పెట్టి చూశాను. అందులో రెండు మోళ్లూ అలాగే ఉన్నాయి. ఏమీ లేని నేల మీద ఎవరైనా నేలను ఎందుకు పరుస్తారు?

నా ఫోన్లో చూశాను. అక్కడా లేదు. షాహీన్ స్క్రీన్ ముందుకు వంగి చాలాసేపు చూసింది. "అల్లా కసం అక్కా, ఉండె. నేను సూశిన," అని ఒట్టేసింది. ఆ తర్వాత తన కుర్చీని నా పక్క నుంచి దూరంగా జరుపుకుంది.

అన్న బట్టల సంచిలో ఆయన ఫోన్ వచ్చింది. దాని లాక్ తీసే నంబరు వదినకు తెలుసు. ఛార్జింగ్ పెట్టి ఇద్దరం తెరిచాం. డేగ ఉంది, నేల ఉంది, ఎండ ఉంది. వదినకు నేనేం చెప్పలేదు. కంప్యూటర్లో ఉంటుందిలే, తెస్తానన్నాను.

ఆ తర్వాత చేసినదానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. గుర్తున్నంత మేరకు ఒక నీడ తయారుచేశాను. గంటన్నర పట్టింది. నా పనిలో అంత బాగా కుదిరినవి తక్కువ. పెద్దగా ప్రింట్ తీయించి వదిన చేతిలో పెట్టాను.

వదిన కాగితాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఇది ఆయన కాదు."

నేనూ కాగితం మీదికి వంగి చూశాను.

"ఆయన ఎడమ భుజం కిందికుంటది. మూటలు మోసి మోసి గట్లయింది. నువ్వెన్నడు సూడలేదా?"

చూడలేదు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగాను. ఆయన పెళ్లి ఆల్బమ్ చేసింది కూడా నేనే. అందులో రెండు భుజాలూ సమంగా దిద్దానేమో కూడా గుర్తులేదు. అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పాను. నమ్మదేమోనని వాయిస్ మెసేజ్ వినిపించాను.

నీడ సంగతి వదిన చెవిన పడిందో లేదో. అన్న పోయాక ఆ గొంతు వినడం ఆమెకు అదే మొదలు. "మల్ల వెట్టు," అంది. మళ్లీ పెట్టాను. నాలుగోసారికి గోడకు ఆనుకుని, పెట్టె వచ్చిన రోజు కూడా ఏడ్వనంతగా ఏడ్చింది. చాలాసేపటికి తేరుకుని, "తీసెయ్యమన్నది ఆయనే గద. నువ్వేం జేస్తవ్," అని నా తల నిమిరింది. అన్న పోయాక నన్ను ఓదార్చిన మొదటి మనిషి ఆమే.

దండ పాస్‌పోర్ట్ ఫొటోకే వేశాం.

తెలిసినవాళ్లు ఒకరిద్దరు ఫైల్ పాడయి ఉంటుందన్నారు. పాడైతే రంగులు చెదురుతాయి, గీతలు పడతాయి. అంతే గానీ నీడ కింది నేలకు ఎండ తగలదు. దుఃఖంలో నాకే అలా తోచిందన్నారు ఇంకొకరు. మరి అన్న ఆ మెసేజ్‌లో తీసెయ్యమన్నది దేన్ని?

నేను తీసింది ఒక్క ఫొటోలోనే. మిగిలిన మూడు చోట్లా ఆయన్ను ఎవరు తీసేశారో నాకు ఇప్పటికీ తెలియదు.