ఆడబిడ్డ ఇంటికి దున్నపోతు

మా పుట్టింటి వాళ్లకు ఒక ఆచారం ఉంది. దీపావళి వెళ్లగానే వచ్చే సదర్ పండుగ నాడు దున్నపోతును కడిగి, ఒళ్లంతా నూనె రాసి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గవ్వల పట్టీ కట్టి డప్పులతో ఊరేగిస్తారు. అలా ఊరేగించే ముందు దాన్ని ఇంటి ఆడబిడ్డ గుమ్మం ముందుకు తీసుకెళ్తారు. ఆడబిడ్డ దండ వేస్తుంది. దున్నపోతు వెనక కాళ్ల మీద లేచి నిలబడి ఆమెకు సలాం కొడుతుంది. వేరే ఇళ్లలో పండక్కి పుట్టింటి వాళ్లు చీర తెస్తారు. ధూల్‌పేట్‌లో పాల వ్యాపారం చేసే మా వాళ్లు చిన్న లారీ అంత జంతువును తోలుకొస్తారు.

పెళ్లయి పాతబస్తీలోనే హుస్సేనీ ఆలం వచ్చినప్పటి నుంచి ఆ సలాం అందుకునే సమయానికి నేను బాత్రూంలో ఉంటున్నాను. నా బదులు అమ్మ వచ్చి దండ వేస్తుంది. నాకు కడుపులో బాగాలేదని అందరికీ చెబుతుంది. గల్లీలో ఆడవాళ్లు ఇది నమ్మారో లేదో తెలియదు కానీ, పక్కింటి పెద్దమ్మ ఒకసారి నన్ను ఆపి అడిగింది.

"ఏందే పిల్లా, ఏడాదంతా బండరాళ్లు అరిగించుకుంటవ్, సదర్ నాడే మోషన్స్ ఏంది నీకు?"

బండరాళ్లు అనడానికి కారణం నా ఉద్యోగం. నేను బౌన్సర్‌ని. ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లు జరిగేటప్పుడు ఆడవాళ్ల వైపు గేటు దగ్గర నల్ల ప్యాంటు, నల్ల షర్టు వేసుకుని నిలబడతాను. దావత్‌కు పిలవకుండా వచ్చినవాళ్లను, తాగి వచ్చిన పెళ్లికొడుకు దోస్తులను, హ్యాండ్‌బ్యాగులో కబాబులు సర్దుకునే ఖాలాలను, అంటే పిన్నమ్మలను, చూసుకోవడం నా పని. ఖాలాలతోనే కష్టం. తాగినవాణ్ని భుజం పట్టి బయటికి నడిపించవచ్చు. కబాబుల ఖాలాను ముట్టుకుంటే పెళ్లి ఆగిపోతుంది.

అలాంటి నేను ఒక జంతువుకు భయపడి కుళాయి తిప్పి కూర్చుంటానని నా తోటి బౌన్సర్లకు తెలియదు. ఈ సంవత్సరం వరకు నా కూతురికి కూడా తెలియదనే అనుకున్నాను.

దసరా సెలవుల్లో ఒకరోజు అది బొమ్మలతో ఆడుకుంటోంది. నల్ల ఎలుగుబంటికి రబ్బరు బ్యాండు దండ వేసింది. ఒక బొమ్మ దండ వేసే అమ్మమ్మ. ఇంకో బొమ్మను తీసుకెళ్లి చెప్పుల డబ్బాలో పెట్టి మూత వేసింది.

"దాన్నెందుకు డబ్బాల పెట్టినవ్?" అన్నాను.

"అది అమ్మ. బాత్రూంల ఉంది."

"ఎందుకు?"

"సదర్ గదా," అంది. ఏమీ తెలియనిదాన్ని చూసినట్టు చూసింది నన్ను. "నేను పెద్దగైనంక నేను గూడ బాత్రూంల కూసుంట."

నాలుగేళ్ల పిల్లకు అది కూడా ఆచారమే. అమ్మమ్మలు దండ వేస్తారు, అమ్మలు గడియ వేసుకుంటారు. ఆ తర్వాత గమనిస్తే, గల్లీలో పెళ్లి బారాత్ డప్పు వినబడగానే నా కూతురు ఆట ఆపేసి నా ముఖం చూస్తోంది. నేను కిటికీ మూస్తే చెవులు మూసుకుంటోంది. నేను దానికి పాలు పట్టాను, అన్నం పెట్టాను, ఇది కూడా పెట్టాను అన్నమాట. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అది పడుకున్నాక ఇలా రాసుకోవడం కూడా అప్పుడే మొదలైంది.

నాకు ఇది ఎలా అంటుకుందో చెబుతాను. నాన్న తమ్ముడు, మా కాక, మంచి మనిషి. ఎవరి మీదైనా ప్రేమ ఎక్కువైతే వాళ్లను దేని మీదో ఒకదాని మీద ఎక్కిస్తాడు. నాకు ఆరేళ్లప్పుడు సదర్ నాడు నన్ను దున్నపోతు మీద ఎక్కించాడు. దానికి కాక నేర్పిన విద్య ఒక్కటే. డప్పు దరువు మారగానే ముందు కాళ్లు లేపి నిలబడాలి. దరువు మారింది. అది బుద్ధిగా నిలబడింది. వీపు మీద నేనున్నానని దానికి గుర్తు లేదు. కాకకూ గుర్తు లేదు.

నేను వెనక నుంచి జారి నేల మీద పడ్డాను. ఆ దున్నపోతు తరఫున ఒక మాట చెప్పాలి, అది నన్ను తొక్కలేదు. అది కిందికి దిగుతుంటే భయపడి వెనక్కి తోసుకున్న జనం తొక్కారు. పిక్కలు, చెప్పులు, దుమ్ము. నేను అరుస్తూనే ఉన్నాను. డప్పు మోతలో నా అరుపు నాకే వినబడలేదు. ఎవరో కాలికి ఏదో తగిలిందని కిందికి చూస్తే నేనున్నాను. మెడ పక్క ఎముక విరిగింది.

తర్వాత చాలా కాలం నేను బడి ప్రార్థనకు కూడా నిలబడలేకపోయాను. పిల్లలు చుట్టూ చేరితే ఊపిరి అందేది కాదు. డప్పు వినబడితే లాగు తడిసేది. అమ్మ ఏ దేవుణ్నీ చిన్నబుచ్చలేదు. దర్గా తావీజు, గుడి తాడు, వెనకింటి క్రిస్టియన్ ఆంటీ ప్రార్థన చేసి ఇచ్చిన నూనె, అన్నీ ఒకే మెడ మీద. ముగ్గురూ ఇది అవతలివాళ్ల కేసు అనుకున్నట్టున్నారు.

ఎముకకు కట్టు కట్టింది ఒక పహిల్వాన్. పాతబస్తీలో ఎముక విరిగితే ముందు పహిల్వాన్ దగ్గరికే తీసుకెళ్తారు. కుస్తీలు మానేసిన ముసలాయన, కట్టు మార్చేటప్పుడు నా అరుపులకు విసిగిపోయేవాడు. దుకాణంలో నలుగురు పేషెంట్లుంటే చాలు, నేను మొదలుపెట్టేదాన్ని. ఎముక అతికిన తర్వాత ఒకరోజు మూలనున్న చిన్న కర్ర గదను నా చేతిలో పెట్టాడు.

"చిల్లానా బంద్. యే ఘుమా," అన్నాడు. అరవకు, ఇది తిప్పు అని. ఎముక మళ్లీ విరుగుతుందేమో అంది అమ్మ. "విరిగితే నేనే కడత గద, నీకేం ఫికర్?" అన్నాడు.

ఆయనకు నా భయం పోగొట్టాలని ఏమీ లేదు. నా నోరు మూయించాలి, అంతే. కానీ గద తిప్పాలంటే చుట్టూ చోటు కావాలి. నేను తిప్పడం మొదలుపెట్టగానే బల్ల మీద కూర్చున్న మగవాళ్లు కాళ్లు లోపలికి తీసుకున్నారు. ఒకాయన ఏకంగా లేచి గోడకు ఆనుకున్నాడు. నన్ను చూసి జనం పక్కకు జరగడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ రుచి మరిగాను. కట్టు విప్పేసినా ఏదో ఒక నొప్పి చెప్పి వెళ్లేదాన్ని.

ఇంట్లో గద లేదు కాబట్టి పాల క్యాన్లు ఎత్తేదాన్ని. మొదట ఖాళీవి, తర్వాత నిండువి. నాన్న సంతోషించాడు, ఒక కూలీ తగ్గాడని. డిగ్రీ చదివేటప్పుడు పొద్దున ఆడవాళ్ల జిమ్‌లో ట్రైనర్‌గా చేరాను. అక్కడికి వచ్చే ఒకావిడ ఫంక్షన్ హాల్ నడిపేది. నా భుజాలు చూసి, లెక్కలు రాసే పని కాకుండా గేటు పని ఇచ్చింది.

అమ్మ ఏడ్చింది. "బీకాం చదివి తలుపు కాడ నిలవడతవానే? గా పనికి చదువెందుకు, తాళం కప్ప చాలు."

కానీ ఆ తలుపు దగ్గరే నాకు ఊపిరి ఆడింది. వెనక గోడ, ముందు జనం, నా మోచేతుల మధ్య నేను గీసుకున్నంత చోటు. బిర్యానీ మూత తీసినప్పుడు అందరూ ఒక్కసారి ఎగబడతారు. అప్పుడు నేను రెండు చేతులు చాచి నిలబడితే కింద పిల్లలకు దారి ఉంటుంది. పెళ్లిళ్లలో నేను ముందు పిల్లల తలలే వెతుకుతాను. బారాత్ డప్పుకు మాత్రం చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని. చూసినవాళ్లు వాకీటాకీ ఇయర్‌పీస్ అనుకునేవాళ్లు.

పిల్ల పుట్టాక పాత భయమంతా వడ్డీతో సహా తిరిగి వచ్చింది. ఈసారి పడేది నేను కాదు, అది.

ఈ సదర్‌కు అమ్మ మోకాలు వాచింది. ముందు రోజు ఫోన్ చేసింది. "నేను రాలేను బిడ్డా. మీ కాకకు చెప్పి వద్దననా?"

ఎంత బాగుండేది ఆ మాట. అవునంటే అయిపోయేది. చెప్పుల డబ్బాలో బొమ్మ గుర్తొచ్చింది. "రానియ్యి," అన్నాను. పెట్టేసి బాత్రూంకు వెళ్లాను. ఈసారి నిజంగానే కడుపు చెడింది.

మరునాడు డప్పులు గల్లీ మలుపు తిరగకముందే నా కూతురు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి లాగింది. "అమ్మా, రా. మనం పోవాలె." అది బాత్రూం తలుపు అప్పటికే తెరిచి పెట్టింది. బకెట్ పక్కన నాకొక పీట, దానికొక పీట.

ఆ పీటలు చూశాక ఇంక లోపల ఉండలేకపోయాను. దాన్ని ఎత్తుకుని గుమ్మం దాటాను. బయట ముందు కనబడింది జనం. దున్నపోతు వాళ్ల మధ్య నల్లగా, నిగనిగలాడుతూ, నన్ను చూసి ఆవలించింది. అప్పుడు అలవాటు కొద్దీ కళ్లు పిల్లల తలల కోసం వెతికాయి. ముందు వరసలో, డప్పుల కింద, ఎవరో చిన్న పిల్ల పెద్దవాళ్ల కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. దాంతో నా నోట్లోంచి ఫంక్షన్ హాల్ గొంతు వచ్చింది.

"డప్పు ఆపుండ్రి! అందరు గోడకు జరుగుండ్రి. ఓ అన్నా, నీకే, ఫోన్ జేబుల పెట్టు, ఆ పిల్లనెత్తుకో!"

డప్పు ఆగింది. జనం జరిగారు. గల్లీ మధ్యలో గుండ్రంగా చోటు ఏర్పడింది. కాక నోరు తెరిచి చూశాడు. పక్కింటి పెద్దమ్మ మేడ మీద నుంచి, "కడుపు మంచిగైందా పిల్లా?" అని అరిచింది.

కాక కళ్లలో ప్రేమ పొంగడం చూశాను. "మనుమరాలిని ఇటియ్యి బిడ్డా, ఒక్కసారి పైన కూసోవెడత."

"కాకా, నువ్వు తాడు ఇడిస్తే నిన్ను కూసోవెడత."

"అబ్బో, మస్తు మాటలొచ్చినయి!" అన్నాడు కానీ తాడు పొట్టిగా పట్టుకున్నాడు.

నా కూతురు మెడ చాచి దున్నపోతును పైనుంచి కిందికి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ముక్కు మూసుకుంది. "ఛీ, కంపు," అంది. దిగి నా కాలు పట్టుకుని నిలబడింది.

దండ నేనే వేశాను. ఒక పక్క దండ చెవికి తగులుకుంది, అది తల ఆడించి తనే సర్దుకుంది. దాని ఊపిరి నా మణికట్టుకు వేడిగా తగిలింది. కాక నా వైపు చూశాడు, నేను తల ఊపాను, దరువు మారింది. అది లేచింది. ఆకాశం సగం నల్లబడింది. నేను పారిపోలేదు. ధైర్యం కాదు, కాలికి పిల్ల వేలాడుతోంది. రెండు చేతులు చాచి నిలబడ్డాను. దాని ముందు కాళ్లు నేలను తాకినప్పుడు గల్లీ అదిరింది. నాలో కూడా ఏదో అదిరింది. కాన్పయిన దగ్గర్నుంచి తుమ్మినా ఒంటేలు ఆగని మనిషిని. మిగిలింది నా తోటి తల్లులకు అర్థమవుతుంది.

ఊరేగింపు మలుపు తిరిగాక నేను తలెత్తుకుని, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, మెల్లగా లోపలికి నడిచి బట్టలు మార్చుకున్నాను.

నిన్న సాయంత్రం అది మళ్లీ సదర్ ఆట ఆడింది. ఎలుగుబంటి వచ్చింది. ఈసారి అమ్మ బొమ్మ బయట ఉంది, రెండు చేతులు పక్కలకు చాచి. వెనక చిన్న బొమ్మ. ఎలుగుబంటి సలాం కొట్టింది. ఇంతలో అది అమ్మ బొమ్మను తీసుకెళ్లి చెప్పుల డబ్బాలో పెట్టింది.

"మళ్లెందుకే డబ్బాల?" అన్నాను.

"సలాం అయిపోయింది గదా," అంది మూత వేస్తూ. "ఇప్పుడు చడ్డీ మార్చుకుంటది."